ఒకే గ్లాసు, 30 రోజులు: రోజువారీ ఫొటో సాధన ఎలా చేయాలి

"రోజుకో ఫొటో తీద్దామని మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి ఆగిపోయింది. ఏం తీయాలో తోచడం లేదు." నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే. అడిగే మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్న మారడం లేదు. అందుకే నేను పాటించే పద్ధతిని, దారిలో చేసిన తప్పులతో సహా, వరసగా రాస్తున్నాను.

ఎక్కువమంది ఆగిపోయేది ఒకే చోట. రోజూ ఒక కొత్త వస్తువు, కొత్త దృశ్యం దొరకాలనుకుంటారు. నాలుగైదు రోజులకు ఇంట్లో ఉన్నవన్నీ అయిపోతాయి, ఆ తర్వాత వెతకడానికే ఓపిక చాలదు. పైగా వస్తువు రోజూ మారుతుంటే, ఫొటో బాగా వచ్చింది వస్తువు వల్లా, వెలుతురు వల్లా, మీరు మార్చిన సెట్టింగ్ వల్లా అన్నది ఎప్పటికీ తేలదు. కాబట్టి తిరగేసి చేద్దాం. వస్తువు అలాగే ఉంటుంది, రోజుకొక టెక్నిక్ మాత్రం మారుతుంది. నేను ఎంచుకునే వస్తువు నీళ్ల గ్లాసు. అది వెలుతురును తనలోంచి పోనిస్తుంది, వంచుతుంది, వెనక్కి కొడుతుంది. అందులో నీళ్లు కదులుతాయి కూడా. నెల రోజులకు సరిపడా పాఠాలు అందులోనే ఉన్నాయి.

ఏమేం కావాలి

- ఫోన్ గానీ కెమెరా గానీ. షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలన్నది), ఐఎస్ఓ (ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది) చేత్తో మార్చుకునే వీలుండాలి. ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే అలాంటి యాప్ ఒకటి వేసుకోండి.
- గీతలూ డిజైన్లూ లేని సాదా గాజు గ్లాసు.
- గరుకుగా ఉండే వస్తువు ఒకటి. తువ్వాలు, తాడు, ఎండిన ఆకు, ఏదైనా సరే.
- టేబుల్ లాంప్, చిన్న టార్చి.
- తెల్ల కాగితాలు రెండు, నల్ల గుడ్డ ముక్క, పల్చటి తెల్ల గుడ్డ ముక్క.
- ట్రైపాడ్. లేకపోతే పుస్తకాల దొంతర చాలు, ఫోన్‌ను దానికి ఆనించి 2 సెకన్ల టైమర్ పెడితే కదలదు.
- నోట్‌బుక్, పెన్ను. ఇది లేకుండా మొదలుపెట్టకండి. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

కొత్త లెన్స్ కొనాలా అని కూడా అడుగుతుంటారు. వద్దు. నెల పూర్తయ్యాక మీకు ఏది తక్కువైందో మీ నోట్‌బుక్కే చెబుతుంది.

1. నియమాలు ముందే రాసుకోండి

30 రోజులే పెట్టుకోండి. మొదటిసారే 365 రోజులని మొదలుపెడితే మధ్యలో ఒక్క రోజు తప్పినా మొత్తం పోయినట్టు అనిపిస్తుంది. రోజుకు 20 నిమిషాలు, 10 క్లిక్కులు, అందులోంచి ఒక్క ఫొటో. పది క్లిక్కుల హద్దు చాలా ముఖ్యం. హద్దు లేకపోతే వంద తీసి, ఏదో ఒకటి కుదిరిందిలే అనుకుంటాం. అది ఎందుకు కుదిరిందో మాత్రం తెలియదు.

ఆరోగ్యం బాగోని రోజు, ప్రయాణంలో ఉన్న రోజు ఏం చేయాలన్నది కూడా ముందే రాసుకోండి. నా నియమం: అలాంటి రోజు ఒకే ఒక్క క్లిక్. ఎలా వస్తే అలా ఉంచుకోవడమే. న్యూయార్క్‌కు చెందిన జేమీ లివింగ్‌స్టన్ 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబర్ 25న చనిపోయేదాకా రోజుకొక పోలరాయిడ్ ఫొటో తీశారు. మొత్తం 6 వేలకు పైనే. ఆస్పత్రిలో ఉన్న రోజులూ వాటిలో ఉన్నాయి. ఆ వరసను చూస్తుంటే గొప్ప ఫొటోల పక్కనే మామూలు ఫొటోలు బోలెడు కనిపిస్తాయి. మీ నెలలోనూ మామూలు ఫొటోలే ఎక్కువ ఉంటాయి. దానికి టెన్షన్ పడకండి.

2. కెమెరా తనంతట తాను చేసే సాయాన్ని ఆపండి

మొదటి రోజుకు ముందే ఈ పని పూర్తిచేయాలి. ఆటో హెచ్‌డీఆర్ (చీకటి, వెలుతురు భాగాలను ఫోనే సమం చేసేది), బ్యూటీ, సీన్‌ను గుర్తించి రంగులు పెంచే సదుపాయం, ఫిల్టర్లు, వీలైనన్ని ఆపేయండి. ఇవి ఉంటే మీరు కావాలని చీకటిగా తీసినదాన్ని ఫోన్ వెలుతురుగా మారుస్తుంది. మీ ప్రయోగం ఫలితం మీకు కనబడకుండా పోతుంది.

తర్వాత గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. రా ఫైల్ (కెమెరా సరిదిద్దకుండా దాచే ఫైలు) తీసే వీలుంటే రా, జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) రెండూ పెట్టండి. ఐఎస్ఓను ఆటో నుంచి తీసేయండి. షట్టర్ తగ్గించి ప్రయోగం చేస్తుంటే ఆటో ఐఎస్ఓ వెనకాల చేరి ఆ మార్పును సరిచేసేస్తుంది. మీకేమో తేడా ఏమీ లేదే అనిపిస్తుంది.

లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. ఫొటో మీద పొగమంచు పరిచినట్టు ఉందని, దీపాల చుట్టూ చారలు వస్తున్నాయని నాకు చూపించిన ఫోన్లలో చాలావాటికి మందు ఈ తుడుపే.

3. క్లిక్ చేయకముందు ఒక ప్రశ్న రాయండి

నోట్‌బుక్‌లో రోజుకు నాలుగు లైన్లు: ఈరోజు ప్రశ్న, ఏం మార్చాను, ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది. మొదటి మూడు తీయకముందు రాయాలి. నాలుగోది తీశాక.

"ఈరోజు వెలుతురు మీద పని చేస్తాను" అంటే అది ప్రశ్న కాదు. "దీపాన్ని పక్కకు జరిపితే తువ్వాలు పోగులు విడివిడిగా కనిపిస్తాయా?" అన్నది ప్రశ్న. జవాబు అవును, కాదు అని చెప్పగలిగేలా ఉండాలి. నేను మొదటిసారి ఈ సాధన చేసినప్పుడు నోట్స్ రాయలేదు. సెట్టింగులు ఫొటో వివరాల్లో ఎలాగూ ఉంటాయి కదా అనుకున్నాను. నెల తర్వాత చూస్తే షట్టర్, ఐఎస్ఓ అంకెలు ఉన్నాయి గానీ, దీపం ఎక్కడ పెట్టానో, అసలు ఏం ప్రయత్నించానో ఒక్కటీ గుర్తు లేదు. ఆ నెలంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

4. మొదటి వారం: వెలుతురు

ఈ వారాన్ని తొందరగా దాటేయకండి. మిగతా మూడు వారాలూ దీని మీదే నిలబడతాయి.

*1, 2, 3 రోజులు.* కిటికీ దగ్గర బల్ల మీద తువ్వాలు మడత, పక్కన గ్లాసు. మొదటి రోజు కిటికీ మీ వీపు వెనక ఉండాలి, రెండో రోజు పక్కన, మూడో రోజు వస్తువు వెనక. మూడు రోజులూ ఒకే గంటలో తీయండి, లేకపోతే వెలుతురు దిక్కుతో పాటు దాని రంగూ మారిపోతుంది. పక్క వెలుతురులో తువ్వాలు పోగులు లేచి కనిపిస్తాయి. ముందు నుంచి పడితే అవే చదునుగా అయిపోతాయి. వెనక నుంచి పడితే తువ్వాలు నల్లబడి, గ్లాసులోని నీళ్లు వెలుగుతాయి.

హెచ్చరిక: నీళ్లున్న గ్లాసును నేరుగా ఎండ పడే చోట వదిలేసి వెళ్లకండి. అది భూతద్దంలా ఎండను ఒకచోటికి చేర్చి, పక్కనున్న కాగితాన్నో గుడ్డనో కాల్చే ప్రమాదం ఉంది. అలాగే కెమెరా వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లోంచి సూర్యుణ్ని ఎప్పుడూ చూడొద్దు.

*4వ రోజు.* కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టండి. నీడ అంచు ఎంత మెత్తబడిందో చూడండి. వెలుతురు వచ్చే జాగా పెద్దదైతే నీడ మెత్తగా, చిన్నదైతే నీడ కత్తిరించినట్టు ఉంటుంది. సిద్ధాంతం ఈ రోజుకు ఇంతే.

*5వ రోజు.* నీడ పడే వైపు తెల్ల కాగితం నిలబెట్టి ఒకటి తీయండి, తర్వాత అక్కడే నల్ల గుడ్డ పెట్టి ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాకైతే నెల మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇది. ఒక్క తెల్ల కాగితంతో ఇంత జరుగుతుందా అని తొలిసారి చూసినప్పుడు చాలాసేపు దాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉండిపోయాను.

*6వ రోజు.* గాజును తీయడం. రెండు పద్ధతులున్నాయి, రెండూ చేయండి. మొదటిది: గ్లాసు వెనక తెల్ల కాగితం, దీపం వెలుతురు ఆ కాగితం మీదే పడాలి, గ్లాసు మీద పడకూడదు. గ్లాసు అంచులు నల్లటి గీతల్లా వస్తాయి. రెండోది: గ్లాసు వెనక నల్ల గుడ్డ, వెలుతురు పక్కల నుంచి. ఇప్పుడు అంచులు తెల్లగా మెరుస్తాయి. గ్లాసుకు ముందు నుంచి లైటు కొట్టడం చాలామంది చేసే తప్పు. గాజు వెనక ఏముందో అదే మనకు కనిపిస్తుంది కాబట్టి, గాజు ఫొటోలో వెలుతురు పని చేయాల్సింది గ్లాసు వెనకాల, లేదా పక్కల. దీపం తీగకు, ప్లగ్గుకు నీళ్లు తగలకుండా దూరంగా పెట్టుకోండి.

*7వ రోజు.* తెల్ల కాగితాన్ని ఫ్రేము నిండా వచ్చేలా, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలన్నది) ఆటోలో ఉంచి తీయండి. తర్వాత నల్ల గుడ్డను అలాగే. రెండూ బూడిద రంగులో వస్తాయి. వెలుతురును కొలిచే కెమెరా మీటరు ఏది చూసినా దాన్ని మధ్యరకం బూడిద రంగుకు తేవాలనే చూస్తుంది. ఇప్పుడు కాగితానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క మీద మనం చేసే హెచ్చుతగ్గు) ప్లస్ 1 నుంచి ప్లస్ 2 మధ్య, గుడ్డకు మైనస్ 1 నుంచి మైనస్ 2 మధ్య పెట్టి మళ్లీ తీయండి. ఫోన్‌లో అయితే తెర మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందకీ జరపాలి. తెల్లని వస్తువులు మాసినట్టు ఎందుకొస్తాయని ఇకమీద ఎవరినీ అడగక్కర్లేదు.

5. రెండో వారం: షట్టర్

*8వ రోజు: చేతి వణుకు ఎంత?* ట్రైపాడ్ లేకుండా, ఒకే చోట నిలబడి, గ్లాసును 1/125, 1/60, 1/30, 1/15 సెకన్లలో రెండేసి సార్లు తీయండి. వెలుతురు సమంగా ఉండాలంటే షట్టర్ ఒక మెట్టు తగ్గినప్పుడల్లా ఐఎస్ఓను సగం చేయండి. ఎక్కడి నుంచి అంచులు మసకబారాయో అది మీ హద్దు. నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. కెమెరా వాడేవాళ్లకు పాత లెక్క ఒకటుంది: 50 ఎంఎం లెన్స్ అయితే 1/50 కన్నా నెమ్మదిగా తీయకూడదు. లెన్స్‌లో గానీ కెమెరా బాడీలో గానీ స్టెబిలైజేషన్ (వణుకును తగ్గించే ఏర్పాటు) ఉంటే ఇంకా కిందికి వెళ్లొచ్చు. ఎంత కిందికో ఈ పరీక్షే చెబుతుంది.

*9, 10 రోజులు: గ్లాసులో పడే నీళ్లు.* మొదటి రోజు ఎక్కువ వెలుతురులో 1/1000 లేదా అంతకన్నా వేగంగా. చుక్కలు గాజు పూసల్లా విడివిడిగా నిలబడాలి. రెండో రోజు, ట్రైపాడ్ మీద, 1/4 నుంచి 1 సెకను. ధార పట్టు దారంలా రావాలి.

ఫోన్‌తో రెండో రోజు ఇబ్బంది వస్తుంది. చాలా ఫోన్లలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) మారదు కాబట్టి, పగటిపూట నెమ్మది షట్టర్ పెడితే ఫొటో మొత్తం తెల్లగా పోతుంది. మూడు దారులున్నాయి: సాయంత్రం వెలుతురు తగ్గాక తీయడం, లెన్స్ ముందు నల్ల కళ్లద్దాలు అడ్డం పెట్టడం, లేదా ఐఫోన్ అయితే లైవ్ ఫొటో తీసి దానికి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఎంచుకోవడం. కళ్లద్దాల పద్ధతిలో రంగు కాస్త మారుతుంది. అది బాగా పనిచేసే ఉపాయమే, మొహమాటపడకుండా వాడండి.

దీపం వెలుతురులో వేగమైన షట్టర్ పెట్టినప్పుడు ఫొటోలో అడ్డంగా చీకటి పట్టీలు వస్తే కెమెరా పాడైందని కంగారు పడకండి. కరెంటు దీపాల్లో చాలావరకు మన కంటికి తెలియకుండా మినుకుమినుకుమంటుంటాయి. సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెడితే చాలాసార్లు పట్టీలు పోతాయి. వేగం తప్పనిసరి అనుకుంటే పగటి వెలుతురులోకి మారండి.

*11వ రోజు: ప్యానింగ్.* ఈ ఒక్కరోజు గ్లాసును ఇంట్లో వదిలేయండి. పక్క నుంచి వెళ్లే సైకిల్‌ను 1/30 వద్ద, దాని వేగంతోనే కెమెరా తిప్పుతూ తీయాలి. మనిషి స్పష్టంగా, వెనకంతా గీతలుగా రావాలి. పాదాలు కదపకండి, నడుము దగ్గర తిరగండి. క్లిక్ నొక్కాక కూడా తిప్పడం ఆపకండి. కొత్తవాళ్లు నొక్కగానే ఆగిపోతారు, ఫొటో అక్కడే చెదురుతుంది. పదిలో ఒకటి కుదిరితే బాగా చేసినట్టే. రోడ్డు మీదికి దిగొద్దు, కాలిబాట మీదే నిలబడండి. వెలుతురు ఎక్కువై ఫొటో తెల్లబడుతుంటే నీడ ఉన్న వీధి చూసుకోండి.

*12, 13 రోజులు: చీకట్లో టార్చి.* గది చీకటి చేసి, కెమెరాను కదలకుండా పెట్టి, 10 నుంచి 15 సెకన్ల షట్టర్, ఐఎస్ఓ 100. ఫోకస్‌ను లైటు ఉండగానే గ్లాసు మీద పెట్టి లాక్ చేయండి. చీకట్లో కెమెరా ఫోకస్ దొరక్క తడుముకుంటుంది. షట్టర్ తెరుచుకున్నాక టార్చిని గ్లాసు వెనకా, పక్కలా నెమ్మదిగా కదపండి. టార్చి ముఖం కెమెరా వైపు తిరిగితే వెలుతురు గీత పడుతుంది, వస్తువు వైపు తిరిగితే వస్తువు వెలుగుతుంది. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండోది. ఆపకుండా కదుపుతూ ఉండాలి, ఒకచోట ఆగితే అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. కాళ్లకు తగిలే కుర్చీలు, తీగలు ముందే తీసేయండి.

*14వ రోజు.* ఈ రెండు వారాల్లో అన్నిటికన్నా చెడిపోయిన ఫొటోను మళ్లీ తీయండి.

6. మూడో వారం: ఫోకస్, దూరం, నాయిస్

కెమెరా ఉన్నవాళ్లు 15వ రోజు ఎపర్చర్‌ను ఎఫ్/2.8, 5.6, 11 లలో పెట్టి ఒకే ఫ్రేము తీయండి (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). గ్లాసు వెనక అరమీటరు దూరంలో ఏదైనా అచ్చు కాగితం పెట్టండి. దాని మీది అక్షరాలు ఎక్కడ చదవడానికి వీలయ్యాయో చూస్తే మసక ఎంత తగ్గిందో కొలిచినట్టే. మీ లెన్స్ 2.8 దాకా తెరుచుకోకపోతే దానికున్న చిన్న అంకెతో మొదలుపెట్టండి. ఎక్కువ భాగం స్పష్టంగా రావాలని ఎఫ్/22కి వెళ్లిపోకండి, అక్కడ వెలుతురు చిన్న రంధ్రం అంచుల దగ్గర వంగి మొత్తం ఫొటో కాస్త మెత్తబడుతుంది.

ఫోన్ ఉన్నవాళ్లు అదే రోజు పోర్ట్రెయిట్ మోడ్‌ను (వెనకున్నదాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసక చేసేది) పరీక్షించండి. గాజు గ్లాసు దానికి కఠినమైన పరీక్ష. వెనకున్నది గాజులోంచి కనిపిస్తుంది కాబట్టి, ఎక్కడ మసక చేయాలో సాఫ్ట్‌వేర్ తరచూ పొరబడుతుంది. గ్లాసు అంచును పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ మోడ్ ఆపి, ఫోకస్ దొరికేంత దగ్గరగా వెళ్లి, వెనకున్న వస్తువును దూరం జరిపి తీయండి. ఈ మసక లెన్స్ ఇచ్చింది, అంచుల్లో తప్పులుండవు.

ఫోన్‌లో ఇంకో చిక్కుంది. 2ఎక్స్, 3ఎక్స్ నొక్కినా, మరీ దగ్గరగా వెళ్లినప్పుడు లేదా వెలుతురు తక్కువైనప్పుడు ఫోన్ మీకు చెప్పకుండా వేరే లెన్స్‌కు మారి, ఆ బొమ్మనే కత్తిరించి పెద్దది చేయొచ్చు. ఏ లెన్స్ పనిచేస్తుందో తెలియాలంటే వెనక లెన్సులను ఒక్కొక్కటిగా వేలితో మూసి చూడండి. ఏది మూస్తే తెర నల్లబడుతుందో అదే.

16, 17 రోజులు దూరం మీద. ఇంట్లో ఎవరినైనా అడిగి, వాళ్ల ముఖాన్ని 40 సెంటీమీటర్ల నుంచి ఒకటి, 2 మీటర్ల నుంచి ఒకటి తీయండి. రెండోదాన్ని ముఖం అదే సైజుకు వచ్చేలా కత్తిరించండి. దగ్గరి ఫొటోలో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు ఉంటాయి. ముఖం ఆకారాన్ని మార్చింది మీరు నిలబడిన దూరం. లెన్స్ మీద వేసే నిందల్లో చాలావరకు నిజానికి దూరానివే. మనుషులను తీసేటప్పుడు అనుమతి అడగండి, ఎవరికైనా చూపించే ముందు మళ్లీ అడగండి. పిల్లలైతే వాళ్ల అమ్మానాన్నలను.

18వ రోజు నాయిస్. ట్రైపాడ్ మీద, మసక వెలుతురులో, ఒకే ఎక్స్‌పోజర్‌ను మూడు రకాలుగా తీయండి: ఐఎస్ఓ 100 వద్ద 1 సెకను, 800 వద్ద 1/8, 6400 వద్ద 1/60. వెలుతురు మూడింట్లో ఒకేలా ఉండాలి, నీడల్లోని ఇసుకలాంటి నాయిస్ ఒక్కటే మారాలి. మీ ఫోన్ 6400 దాకా వెళ్లకపోతే 3200 వద్ద 1/30 పెట్టండి. ఎంతవరకు మీకు పర్వాలేదో ఆ ఐఎస్ఓను నోట్‌బుక్ మొదటి పేజీలో షట్టర్ హద్దు పక్కన రాయండి.

మిగిలిన మూడు రోజులు దగ్గరి ఫొటోలు: గ్లాసు అంచున నిలిచిన నీటి చుక్క, తాడు పోగు, ఆకు ఈనె. భూతద్దం ఉంటే లెన్స్ ముందు ఆనించి పట్టుకోండి. అంత దగ్గరలో ఫోకస్ పొర కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. ఫోకస్ లాక్ చేసి, మీరే కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూ స్పష్టత వచ్చిన క్షణాన నొక్కండి.

7. నాలుగో వారం: రంగు, ఫ్రేము

ఈ వారం తేలిక. వైట్ బ్యాలెన్స్‌ను (ఫొటో రంగుల ఛాయను మార్చే సెట్టింగ్, దాని కొలత కెల్విన్) పగటి వెలుతురులో మార్చి, 3000 కెల్విన్ వద్ద ఒకటి, 5500 వద్ద ఒకటి, 7500 వద్ద ఒకటి తీయండి: మొదటిది నీలం, రెండోది ఉన్నది ఉన్నట్టు, మూడోది పసుపు. ఇంకో రోజు బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రమే. తర్వాత ఫ్రేములో మూడింట రెండొంతులు ఖాళీ వదిలి ఒకటి, నేల మట్టం నుంచి ఒకటి, నిట్టనిలువుగా పై నుంచి ఒకటి.

ఒక రోజు మాత్రం దీనికి కేటాయించండి: గుండ్రటి గ్లాసు నిండా నీళ్లు పోసి, వెనక బాణం గుర్తు గీసిన కాగితం పెట్టండి. కాగితాన్ని నెమ్మదిగా వెనక్కి జరుపుతుంటే ఒక దూరం దాటాక గ్లాసులో బాణం దిశ తారుమారవుతుంది. ఆ తర్వాత కాగితం బదులు కిటికీని, మొక్కను, మనిషిని పెట్టి తీయండి. ఇంతకుముందు నేర్చుకున్న వెలుతురు, ఫోకస్ రెండూ ఇక్కడ కలిసి పనికొస్తాయి. ఫోకస్‌ను గ్లాసు అంచు మీద కాకుండా లోపల కనిపించే బొమ్మ మీద పెట్టాలి, రెండింటికీ ఫోకస్ దూరం వేరు.

8. ఫొటో ఎంపిక మరుసటి రోజే

తీసిన రాత్రే ఎంచుకోకండి. ఆ రోజు పడ్డ కష్టం ఇంకా గుర్తుంటుంది, కష్టపడి తీసినదే మంచిదనిపిస్తుంది. మర్నాడు ఈ వరసలో చూడండి.

మొదట గోరంత సైజులో చూడండి. ఏముందో అర్థమైతే ఫ్రేము నిలబడినట్టు. తర్వాత 100 శాతానికి పెద్దది చేసి ఫోకస్ పెట్టిన చోటు చూడండి. మసకగా ఉంటే రకం తేల్చుకోవాలి. ఫ్రేములో ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. అన్ని చుక్కలూ ఒకే దిక్కుకు సాగి ఉంటే చేయి వణికింది. కదిలే వస్తువు ఒక్కటే సాగి, మిగతాది స్పష్టంగా ఉంటే షట్టర్ వేగం చాలలేదు. మూడింటికీ మందు వేరు కాబట్టి "బ్లర్ వచ్చింది" అని మాత్రం రాసి వదలకండి.

చివరగా హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి నుంచి వెలుతురు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు. గ్రాఫు కుడి గోడకు గుద్దుకుని ఉంటే తెల్ల భాగాల్లో వివరం పోయింది, ఎడమ గోడకు అయితే నీడల్లో పోయింది. అది మీరు కావాలని చేసిందైతే తప్పు కాదు. టార్చి ఫొటోల్లో గ్రాఫు ఎడమకే ఉండాలి.

ప్రయోగం విఫలమైన రోజు ఫొటోనూ ఉంచండి. ఎడిటింగ్‌తో దాన్ని రక్షించొద్దు. ఈ నెలంతా ఎడిటింగ్ అంటే నిటారు చేయడం, కత్తిరించడం, అంతవరకే.

9. రెండు చోట్ల దాచండి

వారానికోసారి ఫొటోలను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయండి. కాపీ అయిందో లేదో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూశాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయాలి. నేను ఒకసారి చూడకుండా ఫార్మాట్ చేశాను, కాపీ సగంలో ఆగిందని తర్వాత తెలిసింది. ఆరు రోజుల పని పోయింది. ఫైలు పేరు ముందు రోజు సంఖ్య పెట్టండి: 01, 02, 03. సున్నా మరిచిపోతే 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చునే అవకాశం ఉంది.

ఎక్కువగా చూసే తప్పులు

*ఒకే రోజు రెండు మార్చడం.* దీపం జరిపారు, ఐఎస్ఓ కూడా మార్చారు. ఫలితం దేనిదో తెలియదు. ఎక్స్‌పోజర్ సమంగా ఉంచడానికి షట్టర్‌తో పాటు ఐఎస్ఓ మార్చడం వేరు, అది లెక్క ప్రకారం చేసేది. మిగతావేవీ కలపకండి.

*తప్పిన రోజుకు మర్నాడు రెండు తీయడం.* అప్పు పేరుకుంటుంది, నాలుగు రోజులు తప్పితే నాలుగు ఫొటోల భారం మీద పడి సాధనే ఆగిపోతుంది. తప్పిన రోజును నోట్‌బుక్‌లో ఖాళీగా వదిలి, ఈరోజు అంకెతో ముందుకెళ్లండి.

*తీయగానే అందరికీ పంపడం.* లైకులు వచ్చిన టెక్నిక్ వైపు తెలియకుండానే మళ్లిపోతాం. ప్యానింగ్‌కు ఎవరూ మెచ్చుకోకపోతే దాన్ని వదిలేస్తాం, నేర్చుకోవాల్సింది మాత్రం అదే. నెల అయ్యేదాకా ఒకరిద్దరికి చూపిస్తే చాలు.

*ట్రైపాడ్ మీద పెట్టి వేలితో షట్టర్ నొక్కడం.* ఆ నొక్కుడుకే కెమెరా కదులుతుంది. 2 సెకన్ల టైమర్ పెట్టండి.

చివరి రెండు రోజులు

29వ రోజు, మొదటి రోజు ఫొటో చూడకుండా అదే బల్ల, అదే గంట, అదే గ్లాసు. ఈసారి నచ్చిన టెక్నిక్కులు ఎన్నైనా కలపండి. తీశాక రెండూ పక్కపక్కన పెట్టి, తేడాలు ఐదు రాయండి. "బాగుంది" అని రాస్తే లెక్కలోకి రాదు. "నీడ వైపు కాగితం పెట్టాను, గ్లాసు అంచు తెగిపోకుండా కనిపిస్తోంది" అన్నట్టు ఉండాలి. ఐదు రాయలేకపోతే మొదటి వారాన్ని మళ్లీ చేయండి. కొత్త నెల మొదలుపెట్టకండి.

30వ రోజు కెమెరా తీయకండి. 29 రోజుల ఫొటోలను చిన్న చిన్నవిగా ఒకే పేజీలో పరిచి, వీలైతే ప్రింటు తీసి, గోడకు పెట్టండి. రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. తప్పిన రోజుల ఖాళీ గళ్లు కూడా అందులో ఉండాలి. బాగా వచ్చినవాటి మీద చుక్క పెట్టండి, ఎందుకు అలా వచ్చాయో చెప్పలేనివాటి మీద ప్రశ్నార్థకం పెట్టండి. చుక్కలున్నవి మీకు వచ్చేశాయి. ప్రశ్నార్థకాలు ఉన్నవాటిని లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, రోజుకు ఒకటి చొప్పున తేదీలు వేయండి.